‘తల్లి మనసు’ చాకిరీతో వస్తుంది

మొన్న మార్చిలో చిలకలూరిపేట దగ్గర మా అక్కవాళ్ళ ఊరు వెళ్ళాను. అక్క కోడలికి సీమంతం. ఏడో నెల. గాజులు తొడిగారు, చలిమిడి పెట్టారు, హారతి పాట పాడారు. భోజనాలయ్యాక ఆ సాయంత్రమే ఒంగోలు నుంచి వచ్చిన అమ్మా నాన్నా పిల్లని పురిటికి తీసుకుపోతారు. భోజనాల దగ్గర మా అక్క కొడుకు సెల్‌ఫోన్ నా ముందు పెట్టాడు. “పిన్నీ, నువ్వెప్పుడూ మమ్మల్నే ఆడిపోసుకుంటావు. ఇప్పుడు సైన్సే చెప్పింది చూడు. కడుపుతో ఉన్నప్పుడు ఆడవాళ్ళ మెదడు మారిపోతుందంట, పిల్లల్ని చూసుకోటానికి తయారవుతుందంట. మగాళ్ళ మెదడుకి ఏమీ కాదంట. ఇంక రాత్రిళ్ళు మేం లేచి మాత్రం ఏం చెయ్యగలం చెప్పు?” అన్నాడు. అందరూ నవ్వారు. పూలజడతో కూర్చున్న ఆ పిల్ల కూడా నవ్వింది.

నేను మాట్లాడలేదు. పేరంటంలో వాదన పెట్టుకోకూడదని మనకి చిన్నప్పటినుంచీ నేర్పారు కదా. చెయ్యి కడుక్కోటానికి పెరట్లోకి వెళ్ళాను.

ఇంటి వెనకే కల్లం. ఎండిన మిరపకాయల్లో కూర్చుని కూలీలు తాలు ఏరుతున్నారు. ఆదోని అవతల కోసిగి వైపు నుంచి సుగ్గికి వచ్చిన కుటుంబాలు. వేపకొమ్మకి పాత చీరతో ఉయ్యాల. ఉయ్యాల్లో నాలుగైదు నెలల పసివాడు. ఊపుతున్నది ఎనిమిదేళ్ళుంటాయేమో, వాడి అక్క. మిరపకాయల్లో పొద్దుటినుంచీ పనిచేసిన చెయ్యి ఎన్నిసార్లు కడిగినా మంట వదలదు. ఆ చేత్తో బిడ్డ కళ్ళు తుడవకూడదు, మూతి తుడవకూడదు. అందుకని వాణ్ణి ఎత్తటం, దించటం, కడగటం అంతా ఆ పిల్లే. పాలవేళకి తల్లి చేతులు దూరంగా పెట్టుకుని కూర్చుంటే ఆ పిల్లే బిడ్డని తెచ్చి రొమ్ముకి పట్టించి, పాలు తాగినంతసేపూ పట్టుకుని నిలబడింది. తండ్రి అవతల బస్తాల్లో కాయలు తొక్కుతున్నాడు.

లోపల నవ్విన నవ్వుకీ, బయట ఆ పిల్ల నిలబడ్డ తీరుకీ సంబంధం ఉందని అనిపించింది. ఆ రోజు చెప్పకుండా వచ్చేసిన సమాధానం ఇక్కడ చెబుతున్నాను.

మా వాడు చూపించిన వార్త అబద్ధం కాదు, సగం నిజం. 2016 డిసెంబరులో ‘నేచర్ న్యూరోసైన్స్’ పత్రికలో ఎల్సెలీన్ హూక్జెమా, ఆమెతో బార్సిలోనాలో పనిచేసిన బృందం ఒక పరిశోధన ప్రచురించారు. మొదటిసారి తల్లులైన 25 మంది స్త్రీల మెదళ్ళని గర్భం రాకముందు ఒకసారి, ప్రసవం తర్వాత ఒకసారి ఎం.ఆర్.ఐ. తీసి పోల్చారు. ఎదుటి మనిషి మనసులో ఏముందో, ఏం కావాలంటున్నారో పోల్చుకోటానికి వాడే భాగాల్లో బూడిదరంగు పదార్థం తగ్గింది. ఎంత స్పష్టంగా తగ్గిందంటే, ఆ మార్పుని బట్టి ఎవరు గర్భం మోశారో ఎవరు మొయ్యలేదో కంప్యూటర్ విడదీసి చెప్పగలిగింది. రెండేళ్ళ తర్వాత చూసినా ఆ మార్పు చాలావరకూ అలాగే ఉంది. మార్పు ఎక్కువ ఉన్న తల్లులకి బిడ్డతో అనుబంధం ఎక్కువగా కనిపించింది. తగ్గటమంటే తెలివి తగ్గటమని కాదు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో వాళ్ళు వెనకబడలేదు. కౌమారంలో పిల్లల మెదడు అక్కర్లేని అల్లికలు కత్తిరించుకుని పదును పెట్టుకున్నట్టే ఇదీ అని పరిశోధకుల ఊహ. ఆ బిడ్డల తండ్రులకీ స్కాన్ తీశారు. వాళ్ళలో ఇలాంటి మార్పు కనిపించలేదు. మా వాడి వార్త అక్కడితో ఆగిపోయింది.

2024లో ఇంకొకటి వచ్చింది. ఎలిజబెత్ క్రాస్టిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన మెదడునే పరిశోధనకి ఇచ్చింది. గర్భం రావటానికి మూడు వారాల ముందునుంచి బిడ్డకి రెండేళ్ళు వచ్చేదాకా 26 సార్లు స్కాన్ తీయించుకుంది. వారం వారం మెదడు ఎలా మారుతోందో మొదటిసారి అంత దగ్గరగా చూడగలిగారు. గర్భిణి పొట్ట కొలిచినన్నాళ్ళు కొలిచాం, ఆమె తలలో ఏం జరుగుతోందని అడగటానికి ఇంతకాలం పట్టింది. అడిగింది కూడా ఎక్కువగా స్త్రీలే.

ఇలాంటి వార్త కనిపించగానే మనలో కొందరం ఉలిక్కిపడతాం. మన భయం ఊరికే పుట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఆడదాని మెదడు తూకం వేసి, బరువు తక్కువని చదువు వద్దన్నారు. కాబట్టి ‘మెదడులో తేడా’ అన్నవాణ్ణి నమ్మకపోవటం మనకి అలవాటైంది. అయినా శరీరాన్ని కాదని వాదించటం మన దారి కాదు. 1993లో ఓల్గా ‘రాజకీయ కథలు’ వచ్చినప్పుడు స్త్రీ శరీరంలో ఒక్కొక్క భాగం చుట్టూ ఎంత రాజకీయం అల్లుకుని ఉందో మాట్లాడుకున్నాం. మెదడు కూడా శరీరమే. దాని చుట్టూ కూడా రాజకీయం ఉంటుంది.

నేనయితే ఆ పరిశోధనని ఒప్పుకుంటాను. ఒప్పుకుని, దాన్ని మా వాడు చదివినట్టు చదవను. గర్భం మోసే స్త్రీ మెదడు నెలల తరబడి తనని తాను తిరగరాసుకుంటోందంటే అది పని. వేవిళ్ళు పని, నడుంనొప్పి పని, ఇదీ పనే. పనికి విశ్రాంతి ఇవ్వాలి, కూలి ఇవ్వాలి. ఇచ్చిందేమిటి? 2013 నాటి ఆహార భద్రత చట్టం ప్రభుత్వోద్యోగాల్లో లేని ప్రతి గర్భిణికీ ఆరువేల రూపాయలకి తక్కువ కాకుండా ఇవ్వాలంది. 2017లో పథకం వచ్చేసరికి అది మొదటి బిడ్డకే, అయిదువేలే, అదీ వాయిదాల మీద అయింది. రెండో కాన్పుకి ఇస్తామని 2022లో అన్నారు, పుట్టింది ఆడపిల్లయితేనే. ‘తల్లి మెదడు ప్రకృతి వరం’ అని మురిసిపోయేవాళ్ళెవరూ ఆ వరం మోస్తున్న మిరపకూలీ రోజుకూలి సంగతి ఎత్తరు. వరం అనే మాట ఎందుకు వాడతారో దీన్నిబట్టే తెలుస్తుంది. వరానికి కూలి ఇవ్వక్కర్లేదు.

ఇక మా వాడు చదవని మిగతా సగం.

2014లో ఇజ్రాయెల్‌లో ఏయల్ అబ్రహాం, రూత్ ఫెల్డ్‌మన్ బృందం మొదటిసారి తల్లీతండ్రీ అయిన 89 మందిని తీసుకున్నారు. వాళ్ళు మూడు రకాలు. బిడ్డ బాధ్యత ప్రధానంగా తమదే అయిన తల్లులు, తల్లికి సాయం చేసే తండ్రులు, ఇంట్లో తల్లి లేకుండా ఇద్దరు మగవాళ్ళే కలిసి బిడ్డని పెంచుతున్న తండ్రులు. వాళ్ళ బిడ్డల వీడియోలు వాళ్ళకే చూపిస్తూ మెదడులో ఏం కదులుతోందో చూశారు. తల్లుల్లో బిడ్డకేమవుతుందో అనే ఆదుర్దా పుట్టించే లోపలి భాగం, అమిగ్డలా, బాగా స్పందించింది. సాయం చేసే తండ్రుల్లో అంతగా లేదు. వాళ్ళలో ఎదుటివాళ్ళని ఆలోచించి అర్థం చేసుకునే భాగాలు ఎక్కువ పనిచేశాయి. మరి తల్లి లేకుండా పెంచుతున్న తండ్రుల్లో? రెండూ పనిచేశాయి. అమిగ్డలా తల్లుల్లో లాగే లేచింది. గర్భం లేదు, ప్రసవం లేదు, పాలు లేవు. రాత్రిళ్ళు లేవటం ఉంది. తండ్రులందరిలోనూ బిడ్డతో స్వయంగా గడిపే గంటలు పెరిగేకొద్దీ ఆ రెండు భాగాల మధ్య ముడి కూడా గట్టిపడి కనిపించింది.

బిడ్డ పుట్టకముందే తండ్రిలో కదలిక మొదలవుతుందనటానికీ ఆధారాలున్నాయి. 2000లో కెనడాలో ఆన్ స్టోరీ బృందం బిడ్డ కోసం ఎదురుచూస్తున్న, కొత్తగా బిడ్డ పుట్టిన జంటల రక్తం పరీక్షించింది. కడుపుతో ఉన్న భార్యతో కలిసి బతుకుతున్న మగవాళ్ళలో కూడా కాన్పు దగ్గరపడేకొద్దీ ప్రొలాక్టిన్ పెరిగింది. అది పాల హార్మోన్ అని మనం పాఠాల్లో చదువుకున్నదే. కాన్పు తర్వాత మగ హార్మోన్ టెస్టోస్టెరోన్ తగ్గింది. 2011లో ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది మగవాళ్ళ మీద లీ గెట్లర్ బృందం చేసిన పనిలో, రోజుకి మూడు గంటలో అంతకన్నా ఎక్కువో పిల్లల్ని చూసుకునే తండ్రుల్లో ఆ హార్మోన్ మిగతా తండ్రులకన్నా తక్కువగా ఉంది. 2022లో స్పెయిన్, కాలిఫోర్నియాల్లో 40 మంది కొత్త తండ్రులకి బిడ్డ పుట్టకముందూ పుట్టాకా స్కాన్ తీస్తే, తల్లులంత కాకపోయినా వాళ్ళ మెదడు పైపొరలోనూ మార్పు కనిపించింది. ఆరేళ్ళ కిందట కనిపించలేదన్నది ఇప్పుడు కొద్దిగా కనిపించింది. సైన్సు అలా మాట సవరించుకుంటుంది. మొదటి మాట పట్టుకుని వేలాడేది దాంతో అవసరం ఉన్నవాళ్ళే.

ఇవన్నీ చిన్న చిన్న పరిశోధనలు. పదులూ వందల మనుషుల మీద చేసినవి. గంటలవల్ల మెదడు మారిందా, అలాంటి మెదడు ఉన్నవాడే ఎక్కువ గంటలు గడిపాడా అని ఎవరైనా అడిగితే అది సరైన ప్రశ్నే. దానికి మనుషుల్లో తేల్చి చెప్పటం కష్టం. ఎలకల్లో మాత్రం జే రోసెన్‌బ్లాట్ 1967లోనే చూశాడు. ఎన్నడూ గర్భం రాని ఆడ ఎలకల దగ్గరా, మగ ఎలకల దగ్గరా అప్పుడే పుట్టిన పిల్లల్ని రోజూ ఉంచితే, మొదట పట్టించుకోనివి కూడా వారం తిరిగేసరికి వాటిని నాకటం, నోట కరుచుకుని గూటికి చేర్చటం మొదలుపెట్టాయి. ఒళ్ళో పిల్లలు ఉండటమే వాటికి నేర్పింది. తల్లి ఎలక గర్భంతోపాటే సిద్ధమై వస్తుంది, మిగతావి ఒక వారం వెనక వస్తాయి. తేడా ఉంది, కాదనను. కానీ ఆ తేడా వారం రోజులది. మన ఇళ్ళలో అది నిండు జీవితం అయి కూర్చుంది.

సారా రడిక్ అనే తత్వశాస్త్ర అధ్యాపకురాలు 1989లో తన పుస్తకంలో ఈ మాటే స్కానింగులేవీ లేకుండా చెప్పింది. తల్లితనం ఒక గుణం కాదు, ఒక పని. ఆ పని చేసేవాళ్ళకి ఆ పనిలోంచే ఒక రకమైన ఆలోచన అబ్బుతుంది. చేసేది మగవాడయినా అంతే. అప్పట్లో చాలామందికి అది ఆదర్శంలా వినిపించింది.

అయితే ఆ గంటలు మన తండ్రులకి ఎక్కడ దొరుకుతున్నాయి? ఇక్కడ నేను ఒక కష్టమైన మాట చెప్పాలి. మన గుంటూరు, ప్రకాశం ఊళ్ళలో మొదటి కాన్పుకి పిల్ల ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి పోతుంది. బిడ్డ పుట్టాక మూడో నెలలోనో అయిదో నెలలోనో సారెతో తిరిగి వస్తుంది. అంటే కడుపులో బిడ్డ తన్నటం చేత్తో తెలిసే రోజుల్లోనూ, బిడ్డ రాత్రీ పగలూ తేడా లేకుండా ఏడ్చే రోజుల్లోనూ తండ్రి అక్కడ ఉండడు. చుట్టంలా వస్తాడు. బారసాలకి వస్తాడు, పట్టుపంచెతో పీటల మీద కూర్చుంటాడు, ఫోటో దిగుతాడు, అత్తగారు పెట్టిన గారెలు తిని బస్సెక్కుతాడు. మనిషి మెదడు ఏ నెలల్లో మెత్తబడి ఉంటుందని ఈ పరిశోధనలు అంటున్నాయో సరిగ్గా ఆ నెలల్లో అతన్ని మనం ఇంటికి పంపేస్తున్నాం. ఆరు నెలల తర్వాత బిడ్డ ఏడిస్తే అతనికి తెలియటం లేదని, మగాళ్ళు అంతేనని తేల్చేస్తున్నాం.

పుట్టింటి పురుడు మానెయ్యమని నేను అనను. అత్తింట్లో కోడలికి పక్కమీద మంచినీళ్ళు ఎవరు తెచ్చిచ్చారు గనక! పచ్చిబాలింతకి వేణ్ణీళ్ళు పోసి, కాయం మింగించి, తలకి గుడ్డ కట్టి పడుకోబెట్టే చెయ్యి అమ్మది. ఆడదాని బతుకంతటికీ దొరికే ఒక్క సెలవు అది. దాన్ని పోగొట్టుకోమని ఎవరూ చెప్పకూడదు. నా తగువు ఆమె వెళ్ళటంతో కాదు, అతను వెళ్ళకపోవటంతో. అల్లుడు పనిచేస్తే అత్తవారింటి పరువు పోతుందనే మర్యాదతో. అల్లుణ్ణి కాలు కింద పెట్టనివ్వని ఆ మర్యాదే, తండ్రిగా అతనికి మొదటి పాఠం ఎగ్గొట్టిస్తోంది.

బిడ్డకోసం ఎదురుచూసే తండ్రిని మన సంప్రదాయం పట్టించుకోలేదా అంటే, పట్టించుకుంది. భార్య కడుపుతో ఉన్నవాడు గడ్డం గీయించుకోకూడదు, శవం మొయ్యకూడదు, సముద్రస్నానం చెయ్యకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు. మా నాన్న నేను కడుపులో ఉన్నప్పుడు గడ్డం పెంచాడని అమ్మ చెప్పేది. చెయ్యకూడనివి ఇన్ని ఉన్నాయే, చెయ్యవలసింది ఒక్కటైనా ఉందా? బిడ్డ గుడ్డలు ఉతకాలనో, భార్య కాళ్ళు పట్టాలనో ఏ శాస్త్రంలోనూ రాయలేదు. గడ్డం పెరిగితే చాలు, తండ్రి తయారైపోయినట్టే.

ఇంకోరకంగా చేసినవాళ్ళు మన పక్కనే ఉండేవాళ్ళు. వాళ్ళని చూసి నవ్వాం. 1874లో దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ ‘ఇండియన్ యాంటిక్వరీ’లో ఎరుకలవాళ్ళ గురించి రాశాడు. భార్యకి నొప్పులు మొదలవగానే భర్త ఆమె బట్టలు కొన్ని కట్టుకుని, ఆడవాళ్ళు పెట్టుకునే బొట్టు పెట్టుకుని, చిన్న దీపం ఉన్న చీకటిగదిలో దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. పుట్టిన బిడ్డని కడిగి అతని పక్కన పడుకోబెట్టేవాళ్ళు. ఇంగువ, బెల్లం లాంటి బాలింత మందులు అతనికి పెట్టేవాళ్ళు. దీన్ని ప్రపంచంలో చాలాచోట్ల చూసిన మానవశాస్త్రజ్ఞులు ‘కువాడ్’ అని పేరు పెట్టారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ తన సంపుటాల్లో దీన్ని మళ్ళీ చేర్చాడు. పెళ్ళాం కంటే మొగుడు మందు తిన్నాడని ఎగతాళి చేసే సామెత కూడా పుట్టింది.

ఇదే ఆదర్శమని నేను చెప్పటం లేదు. ఆ రాతలోనే మందు తల్లికి కాక తండ్రికి పెట్టారని ఉంది. కన్నది ఆమె, పథ్యం అతనికి. అది స్త్రీవాదులం మెచ్చుకోవలసిన సంగతి కాదు. పైగా రాసింది పాద్రీ, చేర్చింది సర్కారు ఉద్యోగి. ఎరుకలవాళ్ళ గురించి వాళ్ళు రాసిన ప్రతిదాన్నీ అనుమానంతోనే చదవాలి. కానీ ఒక్కటి నిజం. బిడ్డ పుట్టే వేళ తండ్రికి కూడా ఏదో అవుతుందని, బిడ్డ పక్కన అతనూ పడుకోవాలని ఆ మనుషులు అనుకున్నారు. మా రైతు కులాల పెద్దమనుషులకి అది వింత అనిపించింది.

ఆ నవ్వు ఎంతదూరం వెళ్ళిందో చూడండి. ఎరుకలవాళ్ళని నేరస్థ జాతి అన్నారు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం ఆ జాతుల పిల్లల్ని తల్లిదండ్రులనుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. 1913లో అప్పటి గుంటూరు జిల్లాలో, ఇప్పటి బాపట్ల జిల్లాలో, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. బిడ్డ పుట్టినప్పుడు పక్కలో పడుకున్న తండ్రిని చూసి నవ్విన రాజ్యమే, అతని పిల్లల్ని అతని దగ్గర్నుంచి లాక్కోవచ్చని చట్టం రాసింది. ఏ తల్లిదండ్రుల మనసు మనసో, ఏది కాదో తీర్మానించే అధికారం ఎప్పుడూ కింది మనుషుల చేతుల్లో లేదు.

ఇంతదాకా మగవాళ్ళనీ సర్కారునీ అన్నాను. ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

నా మొదటి కాన్పు నలభై ఏళ్ళ కిందటి మాట. అన్నీ పైన చెప్పిన పద్ధతిలోనే జరిగాయి. అయిదో నెలలో బిడ్డతో అత్తింటికి వస్తే మా ఆయన దాన్ని ఎవరో ఇచ్చి వెళ్ళిన సామానులా పట్టుకునేవాడు. రాత్రి అది గుక్కపట్టినా ఆయనకి మెలకువ వచ్చేది కాదు. ‘మగాళ్ళకి చెవులు అలా పెట్టాడు దేవుడు’ అంది మా అత్తగారు. నేనూ నమ్మాను. రెండోవాడికి పదకొండు నెలలప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. నెలకి దగ్గర దగ్గర ఆసుపత్రిలోనే ఉన్నాను. అమ్మ అప్పటికి లేదు, అత్తగారికి కాలు విరిగి మంచంలో ఉంది. దిక్కులేక ఆయనే చూశాడు. అన్నం కలిపాడు, కడిగాడు, భుజాన వేసుకుని అర్ధరాత్రి వసారాలో తిరిగాడు.

ఇంటికి వచ్చిన రాత్రి నాకు బాగా గుర్తు. వాడు ఇంకా ఏడవలేదు, ఊరికే కదిలాడు. నేను లేవబోయేలోపల ఆయన లేచి కూర్చున్నాడు. వాడు నావైపు కాకుండా ఆయనవైపు చేతులు చాపాడు.

నాకు సంతోషం కలగలేదు. అసూయ కలిగింది. ఇన్నాళ్ళూ ఆయన లెయ్యటం లేదని ఏడ్చిన నేను, ఆయన లేచేసరికి నా సొత్తు ఎవరో పట్టుకుపోయినట్టు బాధపడ్డాను. మర్నాటినుంచీ వాణ్ణి ఆయన చేతిలోంచి తీసుకోటం మొదలుపెట్టాను. ‘మీకు చేతకాదు, ఇటివ్వండి.’ చుట్టుపక్కలవాళ్ళు ‘ఒంట్లో ఓపిక లేకపోయినా తల్లి ప్రాణం ఊరుకుంటుందా’ అని నన్ను మెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి ఆయనకి మళ్ళీ మెలకువ రావటం మానేసింది. ఒక మనిషిలో తయారైన చెవిని నేనే మూసేశాను.

ఎందుకు చేశానంటే, ఆ ఇంట్లో నాకు గౌరవం ఉన్నది ఆ ఒక్కచోటే. పొలం ఆయన పేరు మీద, ఇల్లు మామగారి పేరు మీద, నా జీతం అత్తగారి చేతిలో. ‘తల్లి మనసు’ ఒక్కటే నా పేరు మీద ఉన్న పట్టా. దాన్ని పంచుకోమంటే ఎలా పంచుకుంటాను? కాబట్టి ఈ తగువు మగవాళ్ళని పిల్లల్ని ఎత్తుకోమంటే తీరేది కాదు. మిగతా పట్టాలు పంచితేగానీ మనం ఈ పట్టా వదలం. వదలనన్నాళ్ళూ ఈ చాకిరీ మనమీదే ఉంటుంది, దానికి వరమనే పేరూ ఉంటుంది.

చట్టాలు రాసేవాళ్ళూ మా అత్తగారిలాగే ఆలోచించారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురో ఆపైనో పనిచోటికి వస్తే వాళ్ళని చూసుకోటానికి అక్కడి ఆడవాళ్ళలోనే ఒకరిని పెట్టాలని రాశారు. ‘పనివాళ్ళలో ఒకరిని’ అని రాసినా సరిపోయేది, కలం అటు పోలేదు. 2017లో ప్రసూతి చట్టం సవరించి 26 వారాల సెలవు ఇచ్చారు, 50 మందో ఆపైనో పనిచేసేచోట శిశుగృహం ఉండాలన్నారు, రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోనివ్వాలన్నారు. ఎవరిని? తల్లిని. తండ్రి ఒక్కసారి కూడా లెక్కలో లేడు. మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి 2005లో 15 రోజుల సెలవు ఇచ్చారు, తల్లికి 2010లో 180 రోజులు చేశారు. ఆ పదిహేను రోజుల్లో బారసాలకి కార్డులు పంచటం అయిపోతుంది. ఇక పత్తి తీసే, మిరపకాయ కోసే మనిషికి తల్లయినా తండ్రయినా సెలవంటే కూలి పోవటమే.

మన రైతుకీ కూలీకీ అంత తీరికెక్కడ అని అడుగుతారు. ఈ నేల సంగతి నాకు తెలుసు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ఈ రెండు జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో అప్పులు మిగిల్చి మగవాళ్ళు పురుగుమందు తాగి పోయారో చూశాను. తీరిక లేకపోవటం నిజం. అయితే అదే చేలో అదే ఎండలో పత్తి తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళకి తీరిక ఎక్కడినుంచి వచ్చింది? రాలేదు. తీరిక లేకుండానే చేస్తున్నారు. చెయ్యలేనప్పుడు ఆ పని ఇంట్లో ఉన్న ఆడపిల్ల చేతికి దిగుతోంది.

అందుకే మళ్ళీ కల్లం దగ్గరికి వస్తున్నాను. ఆ రోజు పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాను. స్నానాలయ్యాక తల్లి మూడురాళ్ళ పొయ్యి వెలిగించింది. తండ్రి నులకమంచం మీద కూర్చుని బీడీ ముట్టించాడు. అలిసిపోయిన మనిషే, తప్పు పట్టలేను. పసివాడు ఇంకా ఆ పిల్ల చంకలోనే ఉన్నాడు. వాడు నిద్రలో ముక్కు ఎగబీల్చగానే, ఏడుపు రాకముందే, ఆ పిల్ల జో కొట్టటం మొదలుపెట్టింది. మా అక్క చూసి, “చూశావా, ఆడపిల్లకి పుట్టుకతోనే వస్తుంది” అంది.

పుట్టుకతో రాలేదు. సుగ్గి మొదలైనప్పటినుంచి వచ్చింది. ఆ పిల్ల చేతిలో పలకకి బదులు పసివాణ్ణి పెట్టాం కాబట్టి వచ్చింది. రేపు ఆ పిల్ల తల్లయ్యాక ఎవరైనా స్కాన్ తీసి ‘ఇది ప్రకృతి’ అని రాస్తే, ఆ ప్రకృతిలో ఈ కల్లం, ఈ ఉయ్యాల, పోయిన బడి ఏవీ కనిపించవు. నేను పైన చెప్పిన పరిశోధనల్లో బార్సిలోనా తల్లులున్నారు, కాలిఫోర్నియా తండ్రులున్నారు. తమ్ముణ్ణి పెంచుతున్న ఎనిమిదేళ్ళ అక్క లేదు.

కాబట్టి ‘సైన్సు చెప్పింది’ అని మన ముందు ఫోన్ పెట్టినప్పుడు మొహం తిప్పుకోకుండా మొత్తం చదవమందాం. మెదడు పని అని ఒప్పుకుంటే ఆ పనికి పూర్తి కూలితో సెలవు కూలీ తల్లికి కావాలి. చేస్తే వస్తుందని ఒప్పుకుంటే తండ్రికీ నెలల లెక్కన సెలవు కావాలి, అంగన్‌వాడీలో గర్భిణికి చెప్పే మాటలు అతన్ని కూడా పక్కన కూర్చోబెట్టి చెప్పాలి. మిరప కోతల కాలంలో వలసకూలీలు దిగే ప్రతి ఊళ్ళో పసిపిల్లల్ని చూసే పాక ఒకటి, జీతమిచ్చి పెట్టిన మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి ఆడదే కానక్కర్లేదు. కాన్పుకి పిల్ల పుట్టింటికి వెళ్ళనీ, వెనకాలే అల్లుడూ వెళ్ళి గుడ్డలు ఉతకనీ, అత్తగారు వద్దన్నా సరే.

మా అక్క కోడలికి జూన్‌లో ఆడపిల్ల పుట్టింది. బారసాలకి సెలవు పెట్టానని మా వాడు ఫోన్ చేశాడు. “బారసాల రెండు గంటల్లో అయిపోతుంది నాన్నా, దానికి సెలవెందుకు? ముందు వెళ్ళి ఒక నెల రాత్రిళ్ళు మేలుకుని చూడు. నీ మెదడు సంగతి తర్వాత మాట్లాడుకుందాం” అన్నాను. నవ్వాడు. ఆ మర్నాడు బయల్దేరాడని వాళ్ళమ్మ చెప్పింది, వారం రోజులకని. నెలకి కాదు, వారానికే. ఎలకలకి కూడా వారమే పట్టింది, చూద్దాం.

వాడికి సెలవు పెట్టుకునే ఉద్యోగమైనా ఉంది. ఆ కల్లంలో బస్తాలు తొక్కినతనికి అదీ లేదు. అతని ఎనిమిదేళ్ళ కూతురికి బడీ లేదు.